ఆరో సంతకం

రేవుపాలెం తీరరక్షణ కార్యాలయంలో సంతకం చూడటానికి టిక్కెట్టు లేదు గాని, పెట్టి ఉంటే రోజూ హౌస్‌ఫుల్లే. అర్జీ పెట్టుకున్నవాడికి, తన కాగితం మీద అధికారి సంతకం చేస్తుంటే ఎదురుగా నిలబడి చూసే హక్కు చట్టమే ఇచ్చింది. అందుకని పొద్దున పదిన్నర అయ్యేసరికి బల్లల ముందు జనం మూగేవారు. అధికారి కలం అందుకోగానే గదిలో దగ్గు కూడా వినిపించేది కాదు. కలం కాగితం మీద సాఫీగా సాగితే అర్జీదారు ఊపిరి వదిలి దణ్ణం పెట్టేవాడు. మధ్యలో ఆగిందా, ఆ అధికారి ముఖం చూసి తీరాలి! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పూర్వపు సంగతి. రెండువేల ఎనభై మూడులో భుజాల దాకా పోనక్కర్లేదు, వేళ్ళే చెప్పేసేవి.

ఆ కలానికి సర్కారు పెట్టిన పేరు అంతరంగ లేఖిని. ఆఫీసుల్లో మాత్రం అందరూ మొండికలం అనేవారు. పట్టుకునే చోట వెంట్రుక మందం సెన్సర్లు ఉంటాయి. అవి నాడి వేగాన్ని, చర్మం తడిని, మెదడు నుంచి వేళ్ళ నరాల్లోకి దిగే ఒక సన్నని విద్యుత్ స్పందనను చదువుతాయి. మనిషి తప్పని తెలిసి తప్పు చేస్తున్నప్పుడు ఆ స్పందన ఒక ప్రత్యేకమైన తీరులో వణుకుతుంది. దాన్ని దోషతరంగం అన్నారు. అది నలభై దాటితే కలంలో సిరా ఆ క్షణానే గడ్డకడుతుంది, ఎంత అదిమినా ముందుకు పోదు. ఆ సిరాతో చేసిన సంతకం లేనిదే ఏ ఉత్తర్వూ చెల్లదు. రేవు గేట్ల దగ్గరి కంప్యూటరు సైతం మనిషి మాట వినదు, ఆ సిరా ఉన్న కాగితాన్నే వింటుంది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ సువర్చల ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు రేవుపాలెంలో దిగింది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఆమె అన్నయ్య ఒకప్పుడు సర్వేయరు. హద్దురాయి జరపమని పైఅధికారి చెబితే జరపనన్నందుకు నాలుగేళ్ళు సస్పెన్షన్లో మగ్గాడు. ఆయన ధైర్యవంతుడు గనక తట్టుకున్నాడు, ఆ ధైర్యం లేనివాళ్ళ గతేమిటి అని సువర్చల ఆలోచించింది. పిరికివాడి చేత కూడా తప్పు జరగనివ్వని పనిముట్టు ఒకటి కావాలని పట్టుబట్టి ఇరవయ్యేళ్ళు ఆ పని మీదే కూర్చుంది. కలాలు పంచిన మొదటి నెలలో రాష్ట్రమంతటా పద్నాలుగు వేల సంతకాలు సగంలో ఆగిపోయాయి. వేలికి దెబ్బ తగిలిందని కట్టు కట్టుకుని సెలవు పెట్టినవాళ్ళు కొల్లలు. ఆ తరువాత ఆరేళ్ళలో ఆగినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అధికారులు బాగుపడ్డారని ప్రభుత్వం పండగ చేసుకుంది. సువర్చల కూడా నమ్మింది. అలాంటి నమ్మకం ఎవరికి చేదు?

ఇప్పుడు ఆమెను పిలిపించిన గొడవ పోటు గురించి. సముద్రం పెరిగాక రేవుపాలెం కరకట్ట చాటున బతుకుతోంది. అమావాస్య పోటుకు కాలువలోకి ఎగదన్నే నీటిని గేటు ఎత్తి ఎక్కడో ఒకచోటికి వదలాలి. లేకపోతే కట్ట తెగి ఊరు ఊరంతా పోతుంది. అందుకోసమే ఏడో నంబరు నేలను పాతికేళ్ళుగా ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీ నేలలో మూడేళ్ళలో నూటపది విల్లాలు లేచాయి. కట్టించింది మంత్రిగారి బావమరిది, అనుమతులిచ్చింది ఈ ఆఫీసే. కిందటి వారం ఇక్కడినుంచే ఇంకో ఉత్తర్వు వెలువడింది. ఇకనుంచి ముంపు నేల ఏడో నంబరు కాదు, తొమ్మిదో నంబరు. తొమ్మిదిలో జాలరిపేట ఉంది. మూడువందల పన్నెండు గడపలు. కంచే చేను మేయడమంటే ఇదే గాని, అయిదుగురు అధికారులు సంతకాలు చేస్తే ఒక్క కలమూ ఆగలేదు.

కలాలను ఏదో చేశారని జాలరిపేట వార్డు మెంబరు సంగాడి నూకరత్నం ఫిర్యాదు పెట్టింది. అలాంటి ఫిర్యాదు వస్తే, కలం చేసిన మనిషి స్వయంగా పరీక్షించి సంతకం చేసేదాకా ఉత్తర్వు ఆగుతుంది. కలాలు సక్రమమని ఆమె రాస్తే ఉత్తర్వు అమలవుతుంది, తొమ్మిదో గేటు తెరుచుకుంటుంది. లోపం ఉందని రాస్తే ఉత్తర్వు కొట్టుకుపోతుంది, ఎప్పటిలా ఏడో గేటే తెరుచుకుంటుంది. ఏదీ రాయకపోతే ఏ గేటూ తెరుచుకోదు గనక ఊరుకోవడానికి లేదు. ఆ రోజు అమావాస్య, పోటు నాలుగింటికి.

నూకరత్నం వరండాలో బల్ల అంచున కూర్చుని ఉంది. సువర్చలను చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అయిదు సంతకాలూ ఎదురుగా నిలబడి చూసేనమ్మా. ఏదో ఒక కలం ఆగుద్ది, ఆగకపోద్దా అనుకుంటా చూత్తానే ఉన్నాను. బొమ్మిడాయిల్లాగా జారిపోయినాయి. ఆటిని ఏదో చేసేరు. లేపోతే మా కొంపలు ముంచే కాయితం మీద ఆ సిరా ఎలా పారుద్దమ్మా?"

"చూస్తానమ్మా. నాలుగింటిలోపు తేల్చేస్తాను."

"మా వోళ్ళు పొద్దున్నే సామాన్లు పడవల్లో ఏసుకుంటామన్నారు. నేనే ఆపేను. కలం కనిపెట్టినావిడే వత్తంది, ఆవిడొచ్చాకా ఇంక మనకి బయవేటని చెప్పేను."

ఆ మాటకు సువర్చలకు గర్వంగానూ అనిపించింది, భయంగానూ అనిపించింది.

లోపల సూపరింటెండెంట్ బుల్లెబ్బాయి అయిదు కలాలనూ ట్రేలో పేర్చి సిద్ధంగా ఉంచాడు. వెన్నలాంటి మనిషి. ఫ్యాను ఆమె వైపు తిప్పి, టీ తెప్పించి, తాను మాత్రం నిలబడే ఉన్నాడు. సువర్చల తన పరీక్షాయంత్రాన్ని బల్ల మీద పెట్టింది. దాన్ని తూకం అంటుంది ఆమె. అది కలాల జ్ఞాపకంలో ఉన్న అంకెలన్నీ చదివి మనిషిలా పైకి చెబుతుంది.

"బుల్లెబ్బాయిగారూ, మీ కలంతో ఒక అబద్ధం రాయండి."

"ఏం రాయమంటారండి?"

"ఇవాళ ఆఫీసుకు పదింటికే వచ్చానని రాయండి."

బుల్లెబ్బాయి నవ్వి రాయబోయాడు. 'ఇవాళ ఆఫీసుకు పది' దాకా వచ్చి కలం కొయ్యబారిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పదకొండున్నర అయ్యిందండి. మా ఆవిడకి పన్ను నొప్పండి."

"దోషతరంగం యాభై రెండు," అంది తూకం.

మిగతా నలుగురినీ పిలిచి నాలుగు కలాలనూ అలాగే పరీక్షించింది. నాలుగూ చిన్న అబద్ధానికే బిగుసుకుపోయాయి. ఎవరూ వాటి జోలికి పోలేదు. కలం పాడైపోయి ఉంటే బాగుండునని దాన్ని తయారుచేసిన మనిషే కోరుకోవడం ఎంత విచిత్రం!

"ఆ ఉత్తర్వు నోటు ఇదే కలంతో మీరు సంతకం పెట్టి పంపారు కదా," అంది బుల్లెబ్బాయితో. "పదింటికి వచ్చానన్నందుకు యాభై రెండు. మూడువందల ఇళ్ళు మునుగుతాయంటే మీకేమీ అనిపించలేదా?"

"నేను పైకి పెట్టానంతేనండి. పై అధికారుల పరిశీలన కోసం అని రాశానండి. నిర్ణయం నాది కాదు కదండీ." ఆయన గొంతులో నటన ఏమీ లేదు. "పైగా తప్పయితే కలం ఆగేది కదండీ మేడమ్! మీ దయవల్ల మాకిప్పుడు ఆ బెంగ లేదండి. మా నాన్నగారిదీ ఇదే సీటండి. కష్టమైన ఫైలు వస్తే ఆయన రెండు పూటలు అన్నం మానేసి ఆలోచించేవారండి. మేమైతే రాసి చూస్తామండి. రాసిందంటే సరైనదేనండి."

సువర్చల టీ కప్పు కింద పెట్టేసింది. తూకం వైపు తిరిగి, ఉత్తర్వు మీద సంతకాలు చేసినప్పటి అంకెలు అడిగింది.

"జూనియర్ అసిస్టెంట్ పదకొండు. సూపరింటెండెంట్ తొమ్మిది. ఇంజినీరు పద్నాలుగు. జాయింట్ కమిషనర్ ఎనిమిది. కమిషనర్ ఆరు."

"అన్నీ కూడు."

"నలభై ఎనిమిది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది. తిలా పాపం తలా పిడికెడు అని చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు వినలేదు! ఇరవయ్యేళ్ళు ప్రయోగాలు చేసి, ఆ ఒక్క సామెతను మాత్రం ప్రయోగశాలలోకి రానివ్వలేదు. ఒక్క మనిషే ఈ ఉత్తర్వును మొదటినుంచి చివరిదాకా రాసి ఉంటే నలభై ఎనిమిదికి సిరా రాయిలా గడ్డకట్టేది. కాని ఆఫీసులో ఏ పనినీ ఒక్కడు చెయ్యడు. కిందివాడు పైవాడు చూసుకుంటాడని పెడతాడు, పైవాడు కిందివాళ్ళు చూసే పంపారని పెడతాడు. ప్రయోగశాలలో ఆమె ఎప్పుడూ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పరీక్షించింది. ఫైలును కూర్చోబెట్టలేదు.

మూడు దాటి అయిదు నిమిషాలయింది. ఆమె తూకాన్నీ కలాల ట్రేనూ పట్టుకుని కమిషనర్ నిరంజన్ గదిలోకి వెళ్ళింది.

"రండి డాక్టర్‌గారూ. కలాలు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి. ఉత్తర్వే బాగాలేదు."

"అది మీ అభిప్రాయం. ఏ కలమూ ఆ మాట అనలేదు."

"మంత్రిగారు ఫోన్ చేశారా మీకు?"

"లేదు. కావాలంటే రాసిస్తాను." ఆయన ట్రేలోంచి తన కలం తీసి, ఈ ఫైలు గురించి తనకెవరూ ఫోన్ చెయ్యలేదని ఒక కాగితం మీద రాశాడు. సిరా నీళ్ళలా పారింది. "ఎందుకు చేస్తారు? చెప్పించుకునేదాకా తెలుసుకోలేనివాడు ఈ కుర్చీ దాకా వస్తాడా?"

ఆయన ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"చట్టం మిమ్మల్ని అడిగింది ఒక్కటే ప్రశ్న. కలాలు పనిచేస్తున్నాయా లేదా? చేస్తున్నాయి. అది నిజం. నిజం రాయడానికి భయమెందుకు? లేదూ, లోపం ఉందని రాస్తారా, రాయండి. ఆరేళ్ళలో ఈ సిరాతో వెళ్ళిన కోటీ ఎనభై లక్షల ఉత్తర్వులు రేపు పొద్దున కోర్టుకెక్కుతాయి. పట్టాలు, పింఛన్లు, ఉద్యోగాలు అన్నీను. మళ్ళీ పాత పెన్నులొస్తాయి. సర్వేయర్లను సస్పెండ్ చేసే రోజులొస్తాయి."

"మూడువందల గడపలండీ," అంది సువర్చల.

"అవతల కోటీ ఎనభై లక్షలు. నేను ఒత్తిడి చెయ్యను. మీకు అనుమానంగా ఉంటే మీ కలం మీ చేతిలోనే ఉంది. పెట్టి చూడండి. తప్పయితే అదే ఆపుతుంది."

ఆ చివరి మాట ఆమెకు ఎండలో గొడుగు పట్టినట్టయింది. నిజమే కదా! తనకంటే బాగా తెలిసిన న్యాయమూర్తి తన వేళ్ళ మధ్యే ఉండగా తాను ఇంతగా నలిగిపోవడం దేనికి?

మూడు ఇరవై అయిదుకు ధ్రువపత్రం ఆమె ముందుకు వచ్చింది. ఒకటే వాక్యం. 'పరీక్షించిన అయిదు లేఖినులూ సక్రమముగా పనిచేయుచున్నవి.' అక్షరం కూడా అబద్ధం లేదు. సువర్చల కలం పట్టుకుంది. ఆగగానే ఈ కాగితం చింపేస్తాను అనుకుంది. ఆగుతుందని ఎదురుచూస్తూ మొదటి అక్షరం రాసింది. రెండోది రాసింది. ఇప్పుడు ఆగుతుంది, ఇదిగో ఇక్కడ ఆగుతుంది అనుకుంటూనే ఇంటిపేరు, పేరు, డిగ్రీ, తేదీ అన్నీ రాసేసింది. కలం ఆగలేదు.

"అయిదు," అంది తూకం. "సంతకం చెల్లుతుంది. గేట్ల కంప్యూటరుకు చేరింది. తొమ్మిదో నంబరు గేటు నాలుగు గంటలకు తెరుచుకుంటుంది."

నిరంజన్ లేచి చొక్కా సర్దుకున్నాడు. పోటు సమయంలో విల్లాల వైపు ఏర్పాట్లు చూసిరావాలని చెప్పి, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సువర్చల తూకం వైపు తిరిగింది. "నాకు అయిదేమిటి?" అంది. "నేను భయపడుతూనే చేశాను. ఆ ఇళ్ళు నా కళ్ళముందే ఉన్నాయి. అయిదేమిటి?"

"సంతకం చేస్తున్నప్పుడు నిర్ణయం మీదని మీరు అనుకోలేదు," అంది తూకం. "లేఖినిదని అనుకున్నారు. నిర్ణయం తనది కానప్పుడు మనిషిలో దోషతరంగం లేవదు."

"ఆ అయిదుగురిలో?"

"అదే తీరు. ఆరేళ్ళుగా అన్ని కార్యాలయాల అంకెల్లోనూ అదే తీరు. మొదటి ఏడాది సగటు ఇరవై ఆరు. ఇప్పుడు తొమ్మిది."

అధికారులు బాగుపడలేదు. బెంగపడటం మానేశారు. పూర్వం ఎంత చెడ్డ అధికారికైనా సంతకం ముందు చెయ్యి ఒక్క క్షణం తటపటాయించేది. ఆ తటపటాయింపును ఆమె ఊడబెరికి కలంలో పెట్టింది, అందరూ హాయిగా దాన్ని అక్కడే వదిలేశారు. ఇప్పుడు తనూ వదిలేసింది. సువర్చలకు సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

గేటు తెరవడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. ఇచ్చిన ధ్రువపత్రాన్ని తానే రద్దు చేసుకునే అధికారం ఆమెకుంది. తెల్లకాగితం లాక్కుని గబగబా రాయడం మొదలుపెట్టింది. 'నేను ఇచ్చిన ధ్రువపత్రము తప్పు. దానిని ర'

కలం ఆగిపోయింది.

"డెబ్భై ఒకటి," అంది తూకం.

ఆమె కలాన్ని అదిమింది, విదిలించింది. ట్రేలోంచి ఇంకొకటి తీసుకుంది. అది 'నేను' దగ్గరే బిగుసుకుంది. మూడోది కాగితానికి తాకగానే గడ్డకట్టింది. తప్పు చేయబోయేవాడి వణుకూ, చేసిన తప్పుకు కుమిలిపోయేవాడి వణుకూ వేళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఒకటే. ఆ తేడా తేల్చే ప్రయోగం ఆమె ఒక్కటీ చెయ్యలేదు. తప్పు చేసి బాధపడుతున్న అధికారిని ఎక్కడినుంచి తెచ్చి కూర్చోబెట్టాలో అప్పట్లో తోచలేదు.

బుల్లెబ్బాయి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. "మనసు కుదుటపరుచుకోండి మేడమ్. నేను తప్పు చెయ్యలేదు అని రెండుసార్లు అనుకోండి. అప్పుడు రాస్తుందండి."

ఆమె కళ్ళు మూసుకుని నిజంగానే అనుకుంది. నేను తప్పు చెయ్యలేదు. నేను రాసింది నిజమే. మళ్ళీ కలం పెట్టింది. ఎనభై నాలుగు. తనను తాను క్షమించుకోగలిగితే ఆ పేట బతుకుతుంది, ఆ క్షమ మాత్రం రావడం లేదు. మూడు నలభై రెండు. మూడు నలభై ఎనిమిది.

"బుల్లెబ్బాయిగారూ, మీ చెయ్యి వణకడం లేదు. మీరు రాయండి. మీకు దండం పెడతాను."

"అయ్యో, అంత మాటనకండి మేడమ్! నా స్థాయిలో రద్దు చెయ్యకూడదండి. నోటు పెట్టగలనండి. కింది సీటు నుంచి మొదలుపెట్టి సార్ దాకా వెళ్ళి రావాలండి." ఆయన అప్పుడే ఒక కొత్త ఫైలు తెరిచి విషయం రాయడం మొదలుపెట్టాడు. ఆ కలం ఎక్కడా తడబడలేదు.

సువర్చల గోడ గడియారం చూసింది. మూడు యాభై నాలుగు. ఇంతసేపూ కలాలతో కుస్తీ పట్టిందే గాని, పది అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పాలని తోచనే లేదు. ఆమె కుర్చీ తోసుకుని వరండాలోకి పరుగెత్తింది.

నూకరత్నం లేచి నిలబడింది. "ఏవందమ్మా కలం?"

"రాసింది," అంది సువర్చల. "నేనే రాశాను. గేటు మీ మీదికే తెరుచుకుంటుంది, ఆరు నిమిషాల్లో. మీవాళ్ళను పడవలెక్కమను, వెంటనే చెప్పు."

నూకరత్నం ఏడవలేదు, తిట్టలేదు. ముందు ఫోను తీసింది. "ఎక్కెయ్యండ్రా. కొంపలొదిలేసి ఎక్కెయ్యండి. వలలొద్దు, బియ్యమొద్దు. ముసిలోళ్ళని, పిల్లల్ని మోసుకుపొండి. ఇంక నన్నేవీ అడక్కండి." ఫోను నడుములో దోపుకుంది. రేవు వైపునుంచి గేటు సైరను మొదలైంది.

"తప్పయితే ఆపుతుందనుకున్నాను," అంది సువర్చల. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిజంగా ఆపుతుందనుకున్నాను నూకరత్నం."

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసింది.

"కలం ఆపకపోతే చెయ్యి ఆపకూడదేటమ్మా?" అంది.

జవాబు కోసం ఆగకుండా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మెట్లు దిగి పేట వైపు పరుగెత్తింది.